టిన్నులో ఉన్నదేమిటి?

జంషెడ్‌పూర్ నగరంలో గోల్‌మురి అనే పేట ఉన్నది. "మావాడు టాటాలో పని చేస్తున్నాడు" అని చెప్పుకొనే ఉత్తరాంధ్ర కుటుంబాలకు ఆ పేరు కొత్తది కాదు. 1920లో స్థాపితమైన టిన్‌ప్లేట్ కంపెనీ ఆఫ్ ఇండియా కర్మాగారం అక్కడిదే. బర్మా ఆయిల్ కంపెనీ, టాటా సంస్థ కలిసి దానిని నెలకొల్పటానికి కారణం కిరసనాయిలు. ఇంటింటి దీపానికీ కావలసిన ఆ చమురు రేకు డబ్బాలలో ఊరూరికీ వెళ్ళేది. ఆ డబ్బాలకు వాడే రేకు మాత్రం సముద్రం దాటి రావలసివచ్చేది. 1922 చివరలో గోల్‌మురిలో ఉత్పత్తి ప్రారంభమైంది. ఆ విద్యలో ఆరితేరిన వేల్సు దేశపు పనివారు కొందరు వచ్చి పని నేర్పారు. వేల్సులో లనెల్లీ అనే పట్టణానికి "టినోపొలిస్" అనే ముద్దుపేరు ఉండేదంటే అక్కడ ఈ పరిశ్రమ ఎంతటిదో ఊహించవచ్చు. 1929లో గోల్‌మురి కార్మికులు నెలల తరబడి సమ్మె చేసినప్పుడు సుభాస్ చంద్ర బోస్ వారి పక్షాన నిలిచాడు. 2024 జనవరిలో ఆ కంపెనీ టాటా స్టీలులో విలీనమైంది. అయినా కర్మాగారం చుట్టుపట్ల ప్రాంతాన్ని జనం "టిన్‌ప్లేట్" అనే పిలుస్తారు.

ఆ పేరులో ఉన్న "టిన్" అనే చిన్నమాట తెలుగు ఇళ్ళలో ఇంగ్లీషు అక్షరాలు రానివారి నోటనైనా వినిపిస్తుంది. నూనె టిన్ను, బిస్కట్ల టిన్ను, పాలపొడి టిన్ను. నిత్యం నోట నానే మాట కాబట్టి ఇంగ్లీషు వాక్యంలోకి అది దానంతట అదే సరిగా వచ్చి కూర్చుంటుందని అనుకోవటం సహజం. చిక్కంతా అక్కడే ఉన్నది.

ఇంగ్లీషులో "టిన్" అనే మాటకు మొదటి అర్థం తగరం అనే లోహం. సంస్కృతంలో వంగమనీ త్రపువనీ పిలిచే వస్తువు ఇదే. రసాయన శాస్త్రంలో దాని సంకేతాక్షరాలు లాటిన్ పేరైన "స్టానమ్" నుంచి వచ్చాయి. లోహం పేరుగా వాడినప్పుడు "టిన్" ముందు "ఎ" చేరదు, చివర "స్" చేరదు. "టిన్ మెల్ట్స్ ఈజిలీ" అంటే తగరం సులభంగా కరుగుతుందని. "ద టిన్ మెల్ట్స్ ఈజిలీ" అంటే వినేవాడు ఏదో ఒక ప్రత్యేకమైన తగరపు ముద్ద సంగతి అనుకుంటాడు. "ఎ టిన్ మెల్ట్స్ ఈజిలీ" అంటే డబ్బా కరుగుతుందని అర్థం మారిపోతుంది. బంగారానికీ పాలకూ వర్తించే నియమమే తగరానికీ వర్తిస్తుంది; ఇందులో కొత్త ఏమీ లేదు.

రెండవ అర్థం డబ్బా. ఇది లెక్కకు అందే వస్తువు కనుక "ఎ టిన్", "టూ టిన్స్" అనాలి. కొట్టుకు చీటీ వ్రాసే తెలుగువాడు తరచుగా "ప్లీజ్ సెండ్ టూ టిన్ ఆయిల్" అని వ్రాస్తాడు. తెలుగులో "రెండు టిన్నులు నూనె" అంటే సరిపోతుంది. రెండు నామవాచకాలను పక్కపక్కన పెడితే చాలు, సంబంధం దానంతట అదే తెలుస్తుంది. ఇంగ్లీషు అందుకు ఒప్పుకోదు. "టూ టిన్స్ ఆఫ్ ఆయిల్" అని బహువచన ప్రత్యయమూ, నడుమ "ఆఫ్" అనే మాటా రెండూ ఉండాలి.

ఈ "ఆఫ్" విషయంలో కొంచెం ఆగవలసి ఉన్నది. "ఎ టిన్ ఆఫ్ ఆయిల్" వేరు, "యాన్ ఆయిల్ టిన్" వేరు. మొదటిదానిలో నూనె ఉన్నది. రెండవది నూనె పోసుకొనే డబ్బా. అందులో నూనె ఉండవచ్చు, చుక్క లేకపోవచ్చు, ఇంటావిడ దానిలో తులసి మొక్క నాటి ఉండవచ్చు. ఇంగ్లీషువారికి ఇది పుట్టుకతో తెలిసిన భేదం. తెలుగువారికి కష్టమని వ్యాకరణ పుస్తకాలు పేజీలకు పేజీలు ఉదాహరణలు ఇస్తాయిగాని, నిజానికి తెలుగువారికి ఇది అంతకంటె బాగా తెలుసు. చెంబు నీళ్ళు తాగటానికి వాడే పాత్ర. "చెంబెడు నీళ్ళు" అంటే నీళ్ళు. "గిన్నెడు అన్నం", "గ్లాసుడు మజ్జిగ", "డబ్బాడు బియ్యం" అనే మాటలలో చివరనున్న ఆ "డు" చేసే పనినే ఇంగ్లీషులో "ఆఫ్" చేస్తుంది. డబ్బాడు నూనె అంటే "ఎ టిన్ ఆఫ్ ఆయిల్". నూనె డబ్బా అంటే "యాన్ ఆయిల్ టిన్". ఇంగ్లీషు పాఠం చెప్పేటప్పుడు ఈ "డు"ను గుర్తుచేసే ఉపాధ్యాయుడు అరుదు. గుర్తుచేస్తే అరగంట పాఠం అయిదు నిమిషాలలో ముగుస్తుంది.

ఈ భేదం పరీక్ష మార్కులతో ఆగేది కాదు. గిడ్డంగి గుమాస్తా ఒకడు సరుకు దించుకొని రసీదు మీద "రిసీవ్డ్ టెన్ ఆయిల్ టిన్స్" అని వ్రాసి సంతకం పెట్టాడనుకుందాం. ఆ పది డబ్బాలూ నిండినవేనా, ఖాళీవా అనే వాదం తరువాత వస్తే ఆ కాగితం ఎవరికీ సాక్ష్యం చెప్పదు. "టెన్ టిన్స్ ఆఫ్ ఆయిల్" అని వ్రాసి ఉంటే నూనె ముట్టినట్టు లెక్క. మన దేశంలో వంటనూనె డబ్బా అంటే సాధారణంగా 15 కిలోలు. పది డబ్బాలంటే 150 కిలోల నూనె. అంత నూనె రెండక్షరాల మాట మీద ఆధారపడి ఉన్నదన్నమాట.

ఇక గోల్‌మురి రేకు సంగతి. టిన్‌ప్లేట్ అంటే తగరపు పలక కాదు. అది పలుచని ఉక్కు రేకు; దాని రెండు ముఖాల మీదా తగరం పూత ఉంటుంది. వెనుకటి రోజులలో రేకును కరిగిన తగరంలో ముంచి తీసేవారు. తరువాత విద్యుత్తు సాయంతో పూసే పద్ధతి వచ్చింది, పూత మరింత పలుచబడింది. సాధారణంగా వాడే రకాలలో ఒకదానికి చదరపు మీటరుకు ఒక్కొక్క వైపు 2.8 గ్రాముల తగరం పడుతుంది. అయిదో వంతు మిల్లీమీటరు మందమున్న రేకు చదరపు మీటరుకు సుమారు కిలోన్నర తూగుతుంది. అంటే "టిన్" అని పిలిచే డబ్బాలో టిన్ నూటికి అర పాలు కూడా ఉండదు. తక్కినదంతా ఉక్కు. ఆ కాస్త పూతా లేకపోతే డబ్బా తుప్పు పట్టి లోపలి సరుకు పాడవుతుంది కనుక, పేరు దక్కటం అన్యాయమేమీ కాదు.

అందుచేత "మై ఫాదర్ వర్క్స్ ఇన్ ఎ టిన్ కంపెనీ" అని ఉద్యోగపు ఇంటర్వ్యూలో చెప్పే గోల్‌మురి కుర్రవాడు తండ్రిని తెలియకుండానే తగరపు గనులకు పంపుతున్నాడు. "టిన్‌ప్లేట్ ఫ్యాక్టరీ" అని ఒకే మాటగా చెప్పాలి. "టిన్ ఫ్యాక్టరీ" అన్నా సందేహమే. డబ్బాలు చేసే చోటు కావచ్చు, రేకులతో కట్టిన షెడ్డూ కావచ్చు. బెంగళూరులో ఆ పేరుతో ఒక పెద్ద బస్సు కూడలే ఉన్నది. ఊరి పేర్లకు వ్యాకరణం అడ్డురాదు.

"టిన్" అనేదానికి "డ్" చేరి "టిన్డ్" అయినప్పుడు మరొక చిక్కు ఉన్నది. "టిన్డ్ ఫిష్" అంటే డబ్బాలో పెట్టి మూత బిగించిన చేప. "టిన్డ్ కాపర్" అంటే డబ్బాలో పెట్టిన రాగి కాదు, కళాయి పూసిన రాగి. కళాయి అనే మాట అరబ్బీనుంచి వచ్చింది. అక్కడా దాని అర్థం తగరమే. వీధిలో తిత్తి ఊదుకుంటూ ఇత్తడి గిన్నెలకు కళాయి వేసే పనివాడు చేసేదీ, గోల్‌మురి కర్మాగారంలో జరిగేదీ మౌలికంగా ఒకే పని. అమ్మమ్మగారి కళాయి గిన్నెను ఇంగ్లీషులో "ఎ టిన్ వెసెల్" అని వర్ణించకూడదు. "ఎ టిన్డ్ బ్రాస్ వెసెల్" అనాలి. తగరం 232 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గరే కరుగుతుంది. ఖాళీ కళాయి గిన్నెను పొయ్యిమీద మరచిపోతే పూత కరిగి జారుతుంది. ఆ పైన అందులో కాచిన చింతపండు చారు చిలుమెక్కుతుంది. పెద్దవాళ్ళు "నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టవే" అని అరిచేది ఇందుకే.

మూడవ వాడుక ఇంటి కప్పు. "టిన్ రూఫ్" అని ఇంగ్లీషువారు కూడా అంటారు, అది తప్పు కాదు. కాని ఆ రేకుల మీద ఉండేది తగరం కాదు, జింకు. తెలుగులో "జింకు రేకులు" అనే మాట ఈ విషయంలో ఇంగ్లీషుకంటె నిజం చెప్పుతుంది. మాట వరకైతే పరవాలేదుగాని, రెండూ ఒకటే కదా అని జింకు పూత బకెట్టులో పులిహోర పులుసో, నిమ్మరసమో, ఊరగాయో నిలవచేస్తే ప్రమాదం. పులుపుకు జింకు కరుగుతుంది. అది కడుపులోకి వెళ్ళితే వాంతులు పట్టుకుంటాయి. పెళ్ళిళ్ళలో పెద్ద ఎత్తున నిమ్మరసం కలిపేవారు తెలుసుకొని తీరవలసిన సంగతి ఇది. అదేవిధంగా "టిన్‌ఫాయిల్" అని దుకాణంలో దొరికేది ఈనాడు అల్యూమినియం రేకు. వెనుకటి వస్తువు పోయింది, పేరు మిగిలింది. "టిన్సెల్" అనే తళుకు కాగితానికి మాత్రం టిన్‌తో చుట్టరికమే లేదు; అది నిప్పురవ్వ అనే అర్థం గల ఫ్రెంచి మాటనుంచి వచ్చింది.

తెలుగు ఇళ్ళలో మరీ ఎక్కువగా వినిపించే దోషం "ప్లాస్టిక్ టిన్". తెలుగులో డబ్బా ఏ పదార్థంతో చేసినా డబ్బాయే. ఇంగ్లీషులో "టిన్" లోహపు రేకుతో చేసినది మాత్రమే. పప్పులు పోసుకొనే ప్లాస్టిక్ డబ్బాను "ప్లాస్టిక్ కంటెయినర్" అనో "ప్లాస్టిక్ జార్" అనో అనాలి. స్టీలు డబ్బా "స్టీల్ కంటెయినర్". కుంకుమ భరిణె "ఎ స్మాల్ బాక్స్".

అమెరికాలో స్థిరపడిన బంధువులకు ఉత్తరం వ్రాసేవారు ఇంకొకటి గమనించాలి. బ్రిటిష్ వారి "టిన్" వారికి "క్యాన్". "టిన్డ్" వారికి "క్యాన్డ్". పానీయాలకైతే బ్రిటనులోనూ క్యానే. మూత తెరిచి మూసే బిస్కట్ల డబ్బాను అమెరికావారు కూడా "టిన్" అంటారు. "క్యానిస్టర్" అనే మాటను కత్తిరించగా "క్యాన్" వచ్చిందని ఒక కథ ప్రచారంలో ఉన్నదిగాని, "క్యాన్" ప్రాచీన ఇంగ్లీషులోనే ఉన్న మాట. "క్యానిస్టర్" మూలార్థం బుట్ట. 1810లో లండనులో పీటర్ డ్యురాండ్ ఆహారాన్ని రేకు డబ్బాలలో నిలవచేసే పద్ధతికి పేటెంటు పొందాడు. డబ్బాను తెరిచే ప్రత్యేక సాధనం మాత్రం 1850ల వరకూ రాలేదు. అంతవరకూ ఉలీ సుత్తే గతి. మన దేశంలో "క్యాన్" అంటే మంచినీళ్ళ క్యాను, పాల క్యాను. "ఐ బాట్ ఎ క్యాన్ ఆఫ్ మిల్క్" అని హైదరాబాదునుంచి వ్రాస్తే అమెరికాలోని మేనల్లుడు అరచేతిలో పట్టే గట్టిపాల డబ్బాను ఊహించుకుంటాడు.

జాతీయాల దగ్గరకు వస్తే డబ్బాను అక్కడే దించివెళ్ళటం మంచిది. "వాడు సొంత డబ్బా కొట్టుకుంటున్నాడు" అనేదానికి "హి ఈజ్ బీటింగ్ హిజ్ ఓన్ టిన్" అంటే ఇంగ్లీషువాడు నిజంగానే డబ్బా చప్పుడు కోసం చెవి రిక్కిస్తాడు. వారు తమ బాకా ఊదుకుంటారు: "హి ఈజ్ బ్లోయింగ్ హిజ్ ఓన్ ట్రంపెట్." వారి "టిన్ గాడ్" తగరపు విగ్రహం కాదు, చిన్న అధికారం చేతికి రాగానే దేవుడినని విర్రవీగేవాడు. "హి హాజ్ ఎ టిన్ ఇయర్" అంటే వాడికి సంగీతం చెవికెక్కదని. ఇక సినిమావారి విషయంలో మరీ జాగ్రత్త అవసరం. తెలుగులో ఒక సినిమా డబ్బాలలో మూలుగుతున్నదంటే విడుదలకు నోచుకోలేదని నిట్టూర్పు. ఇంగ్లీషులో "ద ఫిల్మ్ ఈజ్ ఇన్ ద క్యాన్" అంటే చిత్రీకరణ విజయవంతంగా పూర్తయిందని. ఆ మాట విని నిర్మాతను ఓదార్చబోయేవారు ముందు ఆయన ఏ భాషలో మాట్లాడుతున్నాడో కనుక్కోవాలి.