భౌగోళిక గుర్తింపు తరువాత చపాట మిరప: కాఫీ కొనుగోలు నేర్పుతున్నది ఏమిటి?

వరంగల్ చపాట మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు లభించినది. తిమ్మంపేట మిరప రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ దరఖాస్తు చేయగా, శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు సాంకేతిక సహాయం అందించినారు. నర్సంపేట పరిసర గ్రామాలలో టమాట మిర్చి అని కూడా పిలిచే ఈ కాయకు ఘాటు తక్కువ, రంగు ఎక్కువ. పచ్చళ్ళకు, రంగు తీసే పరిశ్రమకు ఇది కావలసిన సరుకు. రైతులు తరతరాలుగా తామే విత్తనం కట్టుకొని నిలుపుకున్న రకానికి చట్టపరమైన పేరు దక్కడం సంతోషించదగినదే. సన్మానాలు ముగిసిన తరువాత మిగిలే ప్రశ్న ఒకటున్నది. కల్లంలో నిండిన సంచికి ఈ పేరు వలన అదనంగా ఎంత ధర వస్తుంది? ఆ అదనం ఎవరి చేతికి చేరుతుంది?

ఈ ప్రశ్నకు మిరప చరిత్రలో సమాధానం తక్కువ, కాఫీ చరిత్రలో ఎక్కువ. ఊరి పేరుతో అమ్ముడుపోయే పంటల అనుభవం కాఫీకి ఉన్నంతగా మరి కొన్నింటికే ఉన్నది. ఆ అనుభవంలో కరీబియన్ దీవి జమైకాది ప్రత్యేక స్థానం. మిరప కొలంబస్ కాలపు నౌకాయానాల తరువాత అమెరికా ఖండాల నుండి మన దేశానికి వచ్చినది. ఆఫ్రికాలో పుట్టిన కాఫీ కరీబియన్ దీవులకు చేరినది. రెండు పంటలూ పుట్టిన చోటు విడిచి పరాయి నేలలోనే పేరు తెచ్చుకున్నవి.

జమైకాలో కాఫీ 1728లో ప్రవేశించినది. బ్లూ మౌంటెన్ కాఫీ అనగానే నేటి పాఠకునికి మేలిమి నాణ్యత స్ఫురిస్తుంది గాని, ఆ కీర్తి పర్వతాల మంచు నుండి దానంతట అది దిగివచ్చినది కాదు. 1943 నాటికి జమైకా కాఫీ నాణ్యత ఎంత దిగజారినదంటే కెనడా కొనుగోలుదారులు తమ ఒప్పందాలను పునరుద్ధరించడానికి నిరాకరించినారు. నేల, ఎత్తు, మొక్క అప్పుడూ అవే. కోత, ఎండబెట్టడం, గ్రేడింగ్ మాత్రం ఎవరికి తోచినట్లు వారివి. మరుసటి సంవత్సరమే ఎగుమతికి వెళ్ళే కాఫీని ఒకే కేంద్రంలో శుభ్రపరచి గ్రేడు చేసే ఏర్పాటు మొదలైనది. 1948లో కాఫీ నియంత్రణ చట్టం, 1950లో కాఫీ పరిశ్రమ బోర్డు వచ్చినవి. 2018లో ఆ బాధ్యత మరింత విస్తృతమైన వ్యవసాయ సరుకుల నియంత్రణ సంస్థకు బదిలీ అయినది. పేరు నిలబెట్టినది ఈ క్రమశిక్షణ. పరీక్షకులు రుచి చూసి ఆమోదించని సరుకు ఆ పేరుతో ఓడ ఎక్కదు. ఇతర దేశాల కాఫీ గోనె సంచులలో వెళ్తుండగా ఇది చెక్క పీపాలలో వెళ్తుంది.

ఇందులో విస్తరణ శాస్త్రవేత్తలు గమనింపదగినది కొనుగోలు జరిగే స్థానం. అక్కడి చిన్న రైతు సుమారు 27 కిలోల పెట్టె కొలతతో పచ్చి పండునే అమ్ముతాడు. పండును కోసిన రోజునే తొక్క తీయకపోతే అది పులిసి రుచి చెడుతుంది. అందువలన కొనేవాడు తోటకు దగ్గరగా రాక తప్పదు. కాఫీ పండును నీటిలో వేస్తే తాలు పైకి తేలుతుంది; పచ్చికాయ, పండు కలిసిపోతే కంటికే తెలుస్తుంది. తప్పు ఎక్కడ జరిగినదో, ఎవరి పెట్టెలో జరిగినదో అక్కడే తేలిపోతుంది కాబట్టి రైతుకు దిద్దుకునే అవకాశం ఉన్నది.

అయితే జమైకాను ఆదర్శంగా చూపి ఊరుకోవడం సగం నిజమే అవుతుంది. దశాబ్దాల పాటు ఆ కాఫీలో అత్యధిక భాగాన్ని జపాన్ ఒక్కటే కొన్నది. 2008 ఆర్థిక మాంద్యంలో జపాన్ దిగుమతిదారులు వెనుకడుగు వేయగానే పండు ధర పడిపోయినది. చిన్న రైతులు తోటలను గాలికి వదిలినారు. తరువాత సరుకు కొరత ఏర్పడి ధర ఎగసినది; ఎగసిన ధర ఎక్కువ కాలం నిలువలేదు. పేరు ఉన్నా, నాణ్యత ఉన్నా, ఒకే ద్వారం గుండా ఎగుమతి జరిగితే ఆ ద్వారం మూసుకున్ననాడు రైతుకు దిక్కు లేదు. నర్సంపేటలో ఎగుమతి అనే మాటను మంత్రంలా జపించేవారు ఈ భాగాన్ని రెండుసార్లు చదవాలి.

తెలుగు నేలపై ఇదే పాఠానికి అరకు ఉదాహరణ. తూర్పు కనుమలలో కాఫీ 1898లో పాములేరు లోయలో మొదలైనది. తరువాత అటవీ శాఖ, పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ, ఆర్.వి. నగర్‌లోని కాఫీ బోర్డు పరిశోధన కేంద్రం దానిని విస్తరింపజేసినవి. నీడకు సిల్వర్ ఓక్, దానిపై మిరియపు తీగ, కింద కాఫీ అనే పద్ధతి స్థిరపడినది. దేశంలో 1996 వరకు కాఫీ బోర్డు ఉమ్మడి కొనుగోలు విధానం ఉండేది. డబ్బు విడతలుగా, ఆలస్యంగా వచ్చేది. ఆ విధానం రద్దయిన కొద్ది కాలానికే ప్రపంచ కాఫీ ధరలు కుప్పకూలినవి. తోట ఉన్నది, కాపు ఉన్నది, బేరమాడే శక్తి మాత్రం గిరిజన రైతుకు లేదు. పచ్చి, పండు తేడా లేకుండా దూసి నేలపై ఎండబెట్టిన కాయ సంతలో దళారి చెప్పిన ధరకు పోయేది.

ఆ స్థితిని మార్చినవి రెండు భిన్నమైన ప్రయత్నాలు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ధర ప్రకటించి కొనడం మొదటిది. సంస్థ సరుకంతా కొనవలసిన అవసరం లేదు; ప్రకటించిన ధర రైతు చెవిన పడితే చాలు, ప్రైవేటు వర్తకుడు అంతకు తక్కువ అడగడానికి జంకుతాడు. నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో ఏర్పడిన గిరిజన రైతుల పరస్పర సహాయ సహకార సంఘం రెండవది. అక్కడ ఎర్రగా పండిన పండును మాత్రమే ఏరించి, ఒకే చోట శుద్ధి చేసి, రుచి పరీక్షను బట్టి విలువ కట్టినారు. ఆ కాఫీకి 2017లో పారిస్‌లో సొంత దుకాణం తెరుచుకున్నది. అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చినది 2019లో. ఈ కాలక్రమమే ఈ చర్చకు ప్రాణం. అరకులో కొనుగోలు పద్ధతి ముందు మారినది, గుర్తింపు పత్రం తరువాత వచ్చినది. నర్సంపేటలో పత్రం ముందు వచ్చినది; పద్ధతి ఇంకా పాతదే.

ఆ పాత పద్ధతి అందరూ ఎరిగినదే. చపాట రైతు కాయను విడతలుగా ఏరి, కల్లంలో ఎండబెట్టి, సంచులకెత్తి ఎనుమాముల మార్కెట్‌కు తీసుకుపోతాడు. ఖరీదుదారు సంచి కోసి పిడికెడు కాయ తీసి, విరిచి, వాసన చూసి ధర చెపుతాడు. జెండా పాటలో ఒక మేలైన రాశికి పలికిన ధర మరునాడు పత్రికలలో వస్తుంది; మిగిలిన రాశులకు అంతకు ఎంత తక్కువ పడినదో ఏ పత్రికా రాయదు. ఖరీదుదారు అనుభవాన్ని తక్కువ చేయవలసిన పని లేదు. అతని చేయి తేమను చాలా వరకు సరిగానే పసిగడుతుంది. కాని చపాట విలువకు మూలం రంగు. ఆ రంగును ఆస్టా ప్రమాణంలో కొలిచి కొనే పరిశ్రమకు, కంటితో అంచనా కట్టి అమ్మే రైతుకు మధ్య ఉన్న అంతరంలోనే భౌగోళిక గుర్తింపు తాలూకు లాభమంతా ఇంకిపోయే ప్రమాదమున్నది.

కాఫీతో మిరపను పోల్చడం తగదనే వాదం ఒకటున్నది. అది కొంతవరకు సమంజసమే. కాఫీ బహువార్షిక పంట. ధర పెరిగినంత మాత్రాన మరుసటి ఏడే కాపు రెట్టింపు కాదు. మిరప అలా కాదు. 2021-22లో త్రిప్స్ పార్విస్పైనస్ అనే కొత్త తామర పురుగు తోటలను తుడిచిపెట్టగా సరుకు తగ్గి ధర పెరగడం, ధర చూసి విస్తీర్ణం పెరగడం, విస్తీర్ణంతో ధర విరగడం రైతులు స్వయంగా అనుభవించినారు. పైగా కారంలో కలిసిపోయిన కాయకు ఊరి పేరు ఉండదు. కాని చపాట కారం కోసం కొనే కాయ కాదు కదా! రంగు కోసం, పచ్చడి కోసం వేరుగా అడిగి కొనే కాయకు పోలిక కాఫీతోనే కుదురుతుంది.

అందువలన విశ్వవిద్యాలయాలు, విస్తరణ విభాగం తమ శ్రద్ధను దిగుబడి నుండి కొంతైనా కొనుగోలు స్థానానికి మళ్ళించవలసి ఉన్నది. నర్సంపేటలోనే తేమ కొలిచే మీటరు, రంగు విలువ తేల్చే చిన్న ప్రయోగశాల ఉత్పత్తిదారుల కంపెనీ అధీనంలో ఉండాలి. సంచి ఎనుమాములకు బయలుదేరక ముందే తన సరుకు ఏ తరగతిదో రైతు చేతిలో కాగితం ఉండాలి. ఆ కాగితం లేనిదే శీతల గిడ్డంగిలో నిల్వ ఉంచడం కూడా జూదమే. భారత మిరపలో 2003లో సుడాన్ రంగు బయటపడిన తరువాత ఎగుమతి సరుకుకు ఆ పరీక్ష తప్పనిసరి అయినది. అఫ్లటాక్సిన్ పరీక్ష కూడా ఉన్నది. దానికి ఓడరేవులో మందు లేదు. కాయ మట్టినేలపై ఎండినదా, టార్పాలిన్‌పై ఎండినదా, తూకం కోసమో విరగకుండా ఉండడానికో దానిపై నీళ్ళు చల్లినారా అనే చోటనే అది తేలిపోతుంది. విద్యార్థుల గ్రామీణ అనుభవ కార్యక్రమంలో నారుమడికి ఇచ్చే రోజులలో కొన్నిటిని కల్లానికి కేటాయిస్తే నష్టమేమీ లేదు.

విత్తనం మాట కూడా ఇందులోదే. మిరపలో పరపరాగ సంపర్కం గణనీయంగా జరుగుతుంది. పక్క చేనులో ఘాటైన సంకర రకం ఉండగా కట్టిన చపాట విత్తనం కొన్నేళ్ళకు చపాటగా మిగలదు. గుర్తింపు పొందిన లక్షణాలే చేనులో చెదిరిపోతే పరీక్షలో సరుకు నిలువదు. దూరం పాటించి విత్తనోత్పత్తి చేసే రైతులను గుర్తించి వారికి సాధారణ కాయకంటె మెరుగైన ధర చెల్లించే బాధ్యతను ఎవరో ఒకరు తీసుకొనక తప్పదు.

చివరగా చట్టపు మాట. 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం ప్రకారం పేరు దరఖాస్తుదారు సంస్థ పక్షాన నమోదవుతుంది. ఆ పేరును వాడుకొని అమ్మదలచిన ఉత్పత్తిదారులు అధీకృత వినియోగదారులుగా విడిగా నమోదు కావాలి. నమోదు కాలపరిమితి 10 సంవత్సరాలు, ఆపై పునరుద్ధరణ. చపాట పండించేవారిలో కౌలు రైతులున్నారు. పట్టా పాసుపుస్తకం చూపమని అడిగే ఏ పట్టికలోనూ వారి పేరు ఉండదు. అధీకృత వినియోగదారుల జాబితా భూయజమానుల జాబితాగా తయారైతే కాయ ఏరి ఎండబెట్టినవాడు సంచిపై ఆ పేరు వేయలేడు. ఈ నమోదు ఇప్పుడే చేపట్టదగిన దశలో ఉన్నది. గ్రామాల వారీగా పేర్లు రాసుకునేటప్పుడు పొలం ఎవరిదని గాక పంట ఎవరు పండించినారని అడగడం వ్యవసాయ విస్తరణాధికారి చేతిలోని పనే.