ఇల్లు కొనేవారి తనిఖీ, ఇరుగుపొరుగు బాధ్యతపై సర్వసభ్య సమావేశ తీర్మానం

భువనగిరి పట్టణంలోని మా కాలనీ సంక్షేమ సంఘం సర్వసభ్య సమావేశం, 'కాలనీలో ఇండ్ల క్రయవిక్రయాలు' అనే అంశంపై చర్చించి, కింది తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది.

నేపథ్యం

2016 అక్టోబరు 11న యాదాద్రి భువనగిరి జిల్లా ఏర్పడి మన పట్టణం జిల్లా కేంద్రమైంది. కలెక్టరేట్, బీబీనగర్ ఎయిమ్స్, యాదగిరిగుట్ట ఆలయ పునర్నిర్మాణం, వరంగల్ హైవే కలిసి ఇక్కడి ఇండ్లకు గిరాకీ పెంచాయి. ఉద్యోగరీత్యా వచ్చినవారు, పిల్లల చదువుల కోసం ఊళ్ల నుంచి వచ్చినవారు పొద్దున ఇల్లు చూసి సాయంత్రానికే బయానా ఇస్తున్నారు. స్లాబు కారుతుందని, ఆడబిడ్డ సంతకం లేదని, బోరు ఎండాకాలం పోయదని తర్వాత తెలిసి బాధపడుతున్నారు.

కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపం ఇంటికి ఉంటే, దాన్ని అమ్మేవారే చెప్పాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అంటోంది. ఇరుగుపొరుగుకు ఆ చట్టబాధ్యత లేదు. అయినా ఇల్లు చూడవచ్చినవారు గేటు దగ్గర నిలబడి ముందుగా అడిగేది మననే. రేపు వారే మన పొరుగువారు. కాబట్టి ఈ సమావేశం ఇలా తీర్మానిస్తోంది:

1. ఇల్లు చూడవచ్చినవారు నీళ్లు, మోరి, వాన నీరు, హద్దు తగాదాల గురించి అడిగితే సభ్యులు తమకు తెలిసింది ఉన్నదున్నట్టు చెప్పాలి. అమ్మేవారు బంధువైనా, స్నేహితుడైనా దాచకూడదు. వినికిడి మాటలు చెప్పి బేరం చెడగొట్టకూడదు.

2. కొనేవారు జిరాక్సులతో సరిపెట్టుకోకుండా ఒరిజినల్ సేల్‌డీడ్, లింకు డాక్యుమెంట్లు చూడాలని సంఘం కోరుతోంది. ఒరిజినల్ బ్యాంకులో ఉందంటే బాకీ ఎంతో బ్యాంకు నుంచే రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) కనీసం 30 ఏండ్లది తీయాలి. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి, నోటరీ అగ్రిమెంట్లు కనిపించవు కనుక ఇరుగుపొరుగును కూడా విచారించాలి. నిషేధిత ఆస్తుల జాబితాలో సర్వే నంబరు ఉందేమో సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో అడగాలి. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) కాగితాలతో జరిగే అమ్మకం వల్ల యాజమాన్యం బదిలీ కాదని 2011లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇంటి పన్ను రసీదు ఉన్నంత మాత్రాన హక్కు ఉన్నట్టు కాదు.

3. పిత్రార్జితమైతే వారసులందరి పేర్లు అడగాలి. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో పెండ్లికాని ఆడపిల్లలకు మన దగ్గర 1985 నుంచే వాటా హక్కు వచ్చింది. 2005 సవరణతో పెండ్లయినవారికీ వర్తించింది. "చెల్లె ఏమీ అనదు" అన్న మాట చాలదు, ఆమె సంతకం ఉండాలి.

4. మంజూరైన ప్లానును చేతిలో పట్టుకొని ఇల్లు తిరిగి చూడాలి. ప్లానులో రెండంతస్తులుండి కట్టింది మూడైతే పై అంతస్తుకు అనుమతి అడగాలి. టేపు పెట్టి నాలుగు వైపులా కొలిచి, డాక్యుమెంటులోని గజాలతో సరిచూసుకోవాలి. అనుమతి లేని లేఅవుటైతే 2020 ఆగస్టు నాటి పథకం కింద ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) రుసుము కట్టారో లేదో రసీదు చూడాలి. పక్కన చెరువుంటే ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం), బఫర్ హద్దులను నీటిపారుదల శాఖలో విచారించాలి.

5. నీటి విషయంలో తొందరపడకూడదు. మిషన్ భగీరథ నల్లా ఎన్ని రోజులకోసారి వస్తుందో, ఎంతసేపు వస్తుందో పక్కింట్లోనూ అడగాలి. బోరు మోటారు వేసి అరగంట నడిపించి, ధార తగ్గుతుందేమో గమనించాలి. మన ఉమ్మడి నల్లగొండ ప్రాంతం ఫ్లోరైడ్‌తో ఎంత నష్టపోయిందో అందరికీ తెలుసు. ఫ్లోరైడ్ రంగులో, రుచిలో బయటపడదు. నీళ్లు కాచినా పోదు. తాగేందుకు బోరు నీళ్లే దిక్కయిన ఇంట్లో పరీక్ష చేయించాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే ఆ నీరు తాగకూడదు.

6. ఇల్లు రెండుసార్లు చూడాలి. ఒకటి పగటి వెలుగులో, రెండోది వాన పడ్డ మరునాడు. కొత్త రంగు ఒక్క గోడకే ఉంటే ఎందుకో అడగాలి. బాత్రూం వెనక గోడకు చేయి ఆనించి చెమ్మ చూడాలి. బీరువా పక్కకు జరిపించి చూడాలి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయిన పర్రె, బీము కింద తేలిన చువ్వ కనిపిస్తే ఇంజినీరును పిలిపించకుండా ముందుకు పోకూడదు. బాత్రూంలో రెండు బకెట్లు పోసి నీళ్లు మోరిలోకి ఎంత తొందరగా పోతున్నాయో చూడాలి. సెప్టిక్ ట్యాంకు ఎక్కడుందో, బోరుకు ఎంత దూరమో తెలుసుకోవాలి.

7. పై తనిఖీలు పూర్తి కాకుండా బయానా ఇవ్వవద్దని కొనేవారికి, అడగవద్దని అమ్మే సభ్యులకు సంఘం విజ్ఞప్తి చేస్తోంది. బయానాకు రాతపూర్వక అగ్రిమెంటు ఉండాలి. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వాలి. స్థిరాస్తి బయానాగా 20,000 రూపాయలు, అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. కాగితాల్లో దోషం బయటపడితే బయానా వాపసు చేయాలన్న షరతు అగ్రిమెంటులో రాయాలి.

8. ఇల్లు అమ్మదలచిన సభ్యులు ఇంటి పన్ను, నల్లా బిల్లు, కరెంటు బాకీలు తీర్చి, తెలిసిన లోపాలను ఒక కాగితం మీద రాసి సంతకం చేసి కొనేవారికి ఇవ్వాలి. చెప్పి అమ్మిన ఇంటికి ధర కొంత తగ్గినా పేరు నిలుస్తుంది, దావా తప్పుతుంది.

9. ఈ తీర్మానం ప్రతిని నోటీసు బోర్డుపై పెట్టాలి. ఇల్లు చూడవచ్చినవారికి ఉచితంగా ఇవ్వాలి. కాలనీలో మంజూరైన లేఅవుట్ల ప్రతులు అందరూ చూసేలా వార్డు కార్యాలయంలో ఉంచాలని కోరుతూ మున్సిపల్ కమిషనర్‌కు ఒక ప్రతి పంపే బాధ్యతను కార్యదర్శికి అప్పగించడమైనది.

సమావేశం ఆమోదించిన ప్రకారం నమోదు చేయబడింది.

అధ్యక్షులు        కార్యదర్శి