బోరు నాది, నీళ్ళు మనవి

రబీ దగ్గర పడింది. అనంతపురం, సత్యసాయి జిల్లాల పల్లెల్లో మళ్ళీ బోరు బండ్ల చప్పుడు మొదలైంది. ఒక రైతు ఆరు వందల అడుగులు వేస్తే, గట్టు అవతలి రైతు ఎనిమిది వందలు వేస్తాడు. రెండోది పడగానే మొదటిది ఎండుతుంది. ఈ పోటీతో కొత్తగా ఒక్క బిందెడు నీళ్ళు పుట్టవు. ఉన్న నీళ్ళే ఒక గొట్టంలో నుంచి ఇంకో గొట్టంలోకి మారతాయి. అప్పు మాత్రం ఇద్దరికీ మిగులుతుంది.

ఒక్కసారి లెక్క చూద్దాం. ఇక్కడ ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అంటే ఎకరంపై 22 లక్షల లీటర్లు. మన రాతినేలల్లో భూమిలోకి ఇంకేది అందులో పదో వంతు అటూ ఇటూ. ఎకరం వరికి దాదాపు 48 లక్షల లీటర్లు పారించాలి. అందులో సగం తిరిగి ఇంకిందనుకున్నా, ఒక్క ఎకరం వరి మడి పది ఎకరాల ఇంకుడు నీళ్ళను తాగేస్తుంది. ఆ పది ఎకరాల్లో బోరు లేని సన్నకారు రైతు చేను, కౌలు రైతు చేను కూడా ఉన్నాయి.

వరి వేసిన రైతును మేము తప్పు పట్టడం లేదు. వడ్లకు మద్దతు ధర ఉంది, కొనే కేంద్రం ఉంది. 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ఘనంగా జరిపారు. కానీ కేంద్రం ప్రకటించే మద్దతు ధరల జాబితాలో కొర్రకు, సామకు చోటే లేదు. నీళ్ళు పొదుపు చేసే పంటకు ధర లేకుండా, పొదుపు చేయమని రైతుకు చెప్పడం న్యాయం కాదు.

అయితే ప్రభుత్వం కదిలేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేం. గతంలో రైతుల భూగర్భజల యాజమాన్య పథకం కింద ఏడు కరువు జిల్లాల్లో రైతులే వాన కొలిచారు, బావుల్లో నీటిమట్టం చూశారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, ఉన్న నీళ్ళకు ఏ పంట ఎన్ని ఎకరాలు వేయవచ్చో తేల్చుకున్నారు. మన జిల్లాలోనే కొన్ని ఊళ్ళలో బోర్ల రైతులు పైపులైన్లు కలుపుకున్నారు. కొత్త బోరు వేయమని ఒప్పందం రాసుకుని, బోరు లేని రైతు పంటకు కీలక సమయంలో తడి ఇచ్చారు.

"లక్షలు అప్పుచేసి బోరు వేశాను, పక్కవాడికి ఎందుకివ్వాలి?" అనే ప్రశ్న మన సంఘం సమావేశాల్లోనే వస్తోంది. న్యాయమైన ప్రశ్నే. కానీ తడి అందని పక్క రైతు రేపు తానూ బోరు వేస్తాడు. అప్పుడు మీ బోరు నిలుస్తుందా? అతనికిచ్చే రెండు తడులు మీ బోరుకు కాపలా.

ప్రభుత్వాన్ని మేము అడిగేవి మూడు. చిరుధాన్యాలన్నిటికీ మద్దతు ధర, కొనుగోలు కేంద్రాలు ఇవ్వాలి. గొలుసుకట్టు చెరువుల పూడిక, వాగు కాలువల ఆక్రమణలు తీయాలి. నీళ్ళు పంచుకునే ఊళ్ళకు పైపులైన్లు, తుంపర్ల సేద్యం పరికరాలు పూర్తి ఖర్చుతో ఇవ్వాలి. 2002 నాటి వాల్టా చట్టం కేసులు పెట్టడానికే కాక, ఇలాంటి ఒప్పందాలకు అండగా పనిచేయాలి.

విత్తనం కొనకముందే ప్రతి గ్రామ శాఖ సమావేశం పెట్టాలి. ఏ బోరు ఎన్ని గంటలు పోస్తోందో రాయాలి. బోరు లేనివారిని, కౌలు రైతులను, మహిళా రైతులను ముందు వరుసలో కూర్చోబెట్టాలి. ముందు నీళ్ళ లెక్క, ఆ తర్వాతే పంట.