గోళ్ళలో గ్రీజు

"ఆడపిల్ల గోళ్ళలో గ్రీజేమిటి వదినగారూ?" అన్నారు, పెళ్ళిచూపులకొచ్చిన పెళ్ళికొడుకు తల్లి.

మా అమ్మాయి పాత యెజ్డీని కెఫే రేసర్‌గా మారుస్తోంది. కిందికి దించిన హాండిలు, ఒంటి సీటు, ముందుకు వంగి నడిపే బండి. 1960లలో లండన్ ఏస్ కెఫే దగ్గర చేరే కుర్రాళ్ళ సరదా అది. యెజ్డీలు చేసిన మైసూరు ఫాక్టరీ 1996లో మూతపడింది. విడిభాగాలకి ఇక మన బెజవాడ ఆటోనగర్ పాతసామాన్ల కొట్లే దిక్కు.

పాత చీరలతో బొంత కుడితే పొదుపరి; పాత ఇనుముతో బండి కడితే మగరాయుడా?

రిజిస్ట్రేషన్ వివరాలకు భిన్నంగా బండి మార్చకూడదంటుంది 1988 మోటారు వాహనాల చట్టం, 52వ సెక్షన్. సరే, రవాణా ఆఫీసు చుట్టూ మేమే తిరుగుతాం. ఆడపిల్ల చెయ్యకూడదని ఏ సెక్షన్లో ఉందమ్మా?

గోళ్ళలో గ్రీజు సబ్బుతో పోతుంది. మన బుర్రల్లో జిడ్డు సంగతేమిటి?