పులి చిత్రాలు: లెక్కా, వేడుకా?

2022వ సంవత్సరం వేసవి చివర కాకినాడ జిల్లా ప్రత్తిపాడు ప్రాంతంలో ఒక పెద్దపులి కనిపించినది. పశువులను చంపుతూ, పెట్టిన బోనులలో దేనికీ చిక్కక, అది అనకాపల్లి జిల్లాలో ప్రవేశించినది. ఆ వర్షాకాలంలోనే విజయనగరం జిల్లాలోనూ పులి అడుగులు కనబడినవి. విశాఖకూ విజయనగరానికీ నడుమ, గోస్తనీ తీరాన ఉన్న మా తగరపువలసలో ఆ రోజులలో మరొక ముచ్చట లేదు. బజారులోనూ, బస్సులోనూ ప్రతివారి ఫోనులో ఒక పులి ఉండేది. ఒక విద్యార్థి తరగతిలో నాకు చూపిన పులి వెనుక చెట్లన్నీ మంచు కప్పుకొని ఉన్నవి! అనకాపల్లిలో మంచు కురియడం ఎప్పుడు మొదలయినదని అడిగితే పిల్లలందరూ నవ్వారు.

అటవీశాఖవారి కెమెరాలకు చిక్కిన నిజమైన పులి చిత్రాలు మసకగా, వంకరగా ఉన్నవి. ఆ మంచు పులి అందం వానికి లేదు. కాని అడవికి పనికివచ్చినవి అవే. ఎందువలననో పాఠశాలలలో చెప్పవలసిన అవసరమున్నది.

పూర్వం పులులను అడుగుజాడలనుబట్టి లెక్కించేవారు. పాదముద్రపై గాజుపలక ఉంచి గీతలు దించుకొనేవారు. 1972లో దేశమంతటా 1,827 పులులున్నవని అట్లే తేల్చారు. అయితే ఒకే పులి అడుగు బురదలో ఒక తీరుగా, దుమ్ములో మరొక తీరుగా పడుతుంది. లెక్క చూసేవాని ఆశ కూడా అందులో కలుస్తుంది. రాజస్థానంలోని సరిస్కాలో కాగితాల మీద పులులు ఉండగానే, 2005 నాటికి అడవిలో ఒక్కటీ మిగలలేదని బయటపడినది. ఆ పద్ధతికి అంతటితో కాలం తీరినది.

దాని స్థానంలో వచ్చినది ట్రాప్ కెమెరా. ఇది పూర్తిగా కొత్తది కాదు. చాంపియన్ అనే ఆంగ్లేయ అటవీ అధికారి 1920లలోనే దారికి అడ్డంగా తీగ కట్టి, పులి తనకు తానే చిత్రం తీసుకొనేటట్లు చేశాడు. 1990లలో ఉల్లాస్ కారంత్ కర్ణాటకలోని నాగరహొళెలో ఆ ఉపాయాన్ని శాస్త్రీయమైన గణనగా మలిచారు. ఏ రెండు పులుల చారలూ ఒకటి కావు. ఒకే పులికయినా కుడి ప్రక్క చారలు ఎడమ ప్రక్కకు రావు. కనుకనే బాటకు ఇరువైపులా, మోకాలెత్తున, జంటగా కెమెరాలు కడతారు. వేడి గల ప్రాణి ఎదుట కదిలితే చాలు, చిత్రం పడుతుంది.

2018 నాటి గణనలో 26,838 చోట్ల కెమెరాలు అమర్చగా 3,48,58,623 చిత్రాలు వచ్చినవి. అందులో పులులవి 76,651 మాత్రమే. అంటే సుమారు 450 చిత్రాలకు ఒకటి! మిగిలిన వానిలో చిరుతలు, జింకలు, పందులు, మేతకు వచ్చిన పశువులు, మనుషులు ఉన్నారు. పులి పేరిట తీసిన ఈ చిత్రాలు నిజానికి అడవి అంతటి చిట్టా. పత్రికలు ఒక్క పులి సంఖ్యతోనే తృప్తిపడడం నాకు విచారంగా ఉంటుంది. ఆ లెక్కలో ఆంధ్రప్రదేశ్‌కు 48 పులులు వచ్చినవి; 2022లో 63. నాగార్జునసాగర్–శ్రీశైలం రక్షితారణ్యమే వానికి పుట్టినిల్లు. అక్కడ కాపలా కాచేవారిలో చెంచులు ఉన్నారు. పులి ఏ బాటన నడుస్తుందో ఎరిగినవారు లేక కెమెరా ఎక్కడ కట్టాలో యంత్రానికి తెలియదు కదా!

ఇక వేడుక చిత్రాల సంగతి. 2024 డిసెంబరు 31న మహారాష్ట్రలోని ఉమ్రేడ్ కర్హాండ్లా అభయారణ్యంలో ఒక ఆడపులినీ, దాని అయిదు పిల్లలనూ పర్యాటకుల వాహనాలు ఇరువైపులా అడ్డగించినవి. బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం దానిని తనంతట తానే విచారణకు స్వీకరించినది. పులుల రక్షితారణ్యాల కోర్ ప్రాంతంలోని పర్యాటక విభాగంలో చేతిఫోను వాడరాదని సుప్రీంకోర్టు 2025 నవంబరులో ఆదేశించినది. ఆ ఆదేశం కఠినమని అనేవారున్నారు, నేను అనను. పిల్లలతో దారి దాటుతున్న తల్లికి మన ఆల్బముతో పనేమి?

అయితే మనిషి దగ్గర లేని కెమెరా అయినంత మాత్రాన నిర్దోషి కాదు. కార్బెట్ పరిసర గ్రామాలపై 2024లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, కట్టెలకూ గడ్డికీ అడవికి వెళ్ళే స్త్రీలు ఆ కెమెరాలకు జంకి, పాట మాని, మాట తగ్గించి నడుస్తున్నారు. ఒక స్త్రీ చిత్రం బయటకు పొక్కి ఊరంతా తిరిగినది కూడా. నల్లమలలో తేనెకూ జిగురుకూ వెళ్ళే చెంచు స్త్రీ నడిచేదీ పులి నడిచే బాటలలోనే. ఆమె చిత్రం పడితే దానిని ఎవరు చూడవచ్చునో, ఎన్నాళ్ళకు చెరిపివేస్తారో కెమెరా కట్టిన నాడే ఆమె గూడెంలో చెప్పితీరాలి.