నవ్వించే గ్యాసు, ఏడ్పించే ఇంజను

బటన్ నొక్కగానే కారు రాకెట్టయిపోవడం తెరమీద మనకిప్పుడు కొత్త కాదు. అయినా ఆ పిచ్చిని ఊరూరా అంటించిన ఘనత మాత్రం 2001లో వచ్చిన 'ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్'దే! పాల్ వాకర్ ఆకుపచ్చ కారులో విన్ డీజిల్‌తో పందెం కాసి నైట్రస్ నొక్కుతాడు. పక్కసీట్లో కంప్యూటరు ప్రమాదం, ప్రమాదం అని మొత్తుకుంటుంది. ఇంతలో కారు అడుగురేకు ఊడి రోడ్డున పడుతుంది. హాల్లో ఈలలే ఈలలు. నాకు మాత్రం నవ్వాగలేదు. గ్యాసు వెళ్ళేది ఇంజనులోకి, ఊడేది కాళ్ళకింద రేకా?

గుంటూరు నుంచి ఓ ఇంజనీరింగు కుర్రాడు ఉత్తరం రాశాడు. వాళ్ళ నాన్నగారి పాత కారుకి 'నాస్' బిగించాలని ఉందట, నన్ను సలహా అడిగాడు. నాయనా, ముందు పేరు సరిచేసుకో. నాస్ అన్నది ఒక అమెరికన్ కంపెనీ పేరు. గ్యాసు పేరు నైట్రస్ ఆక్సైడు. పళ్ళ డాక్టర్లు నొప్పి తెలియకుండా పీల్పించేదీ, రేలంగి, రాజబాబుల అవసరం లేకుండానే జనాన్ని నవ్వించేదీ అదే. కారు కోసం అమ్మేదాంట్లో ఎవరూ పీల్చకుండా గంధకపు వాయువు కలుపుతారు. సరదాపడి ముక్కు దగ్గర పెట్టుకునేవు సుమా!

అసలు కిటుకు ఏమిటంటే, ఈ గ్యాసు తనంతట తాను మండదు. పెట్రోలు మండడానికి ఆక్సిజన్ అందిస్తుంది, అంతే. గాలిలో బరువు లెక్కన 23 శాతం ఆక్సిజన్ ఉంటే, దీంట్లో 36 శాతం. ఇంజను వేడికి విడిపోయి ఆ ఆక్సిజన్ని వదులుతుంది. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు గాలి పల్చబడే ఎత్తుల్లో తమ విమానాలకి దీన్ని వాడిందీ అందుకే. మరి ఆక్సిజన్ పెరిగినప్పుడు పెట్రోలు కూడా పెరగాలి కదా? సినిమావాళ్ళు దాచేసే సంగతి ఇదే. పెట్రోలు చాలకపోతే లోపల వేడి మితిమీరుతుంది. నాకింగ్ మొదలవుతుంది. క్షణాల్లో పిస్టన్ కరిగి బొక్కపడుతుంది. కిట్టు ఖరీదు ఎంతైనా కానీ, పోయేది నాన్నగారి ఇంజను!

అందుకే తెలిసినవాళ్ళు పెట్రోలు ఒత్తిడి తగ్గితే గ్యాసు దానంతటదే ఆగిపోయే స్విచ్చి పెడతారు. యాక్సిలేటరు పూర్తిగా తొక్కితేనే గ్యాసు వెళ్ళేలా ఇంకోటి పెడతారు. ఇంజను 3000 చుట్లు దాటేదాకా వదలరు. తక్కువ వేగంలో వదిలితే గొట్టంలోనే భగ్గుమంటుంది. 50 గుర్రాల బలం పెంచినప్పుడల్లా ఇగ్నిషన్ని సుమారు 2 డిగ్రీలు వెనక్కి జరుపుతారు. ప్లగ్గులు కూడా చల్లటి రకం వేస్తారు. మొదటిరోజే పెద్ద జెట్టు బిగించే మెకానిక్కు ఎంత మొనగాడైనా సరే, నమస్కారం పెట్టి వచ్చెయ్.

ఇక బాటిలు సంగతి. మన ఎండలకి ఇది ముఖ్యం. లోపల గ్యాసు ద్రవరూపంలో ఉంటుంది. చదరపు అంగుళానికి 900 నుంచి 1000 పౌన్ల ఒత్తిడి ఉంటే అది మాట వింటుంది. 36 డిగ్రీలు దాటిందా, ద్రవమన్నదే మిగలదు, ఒత్తిడి తారాజువ్వలా లేస్తుంది. అసలు మే నెలలో మధ్యాహ్నం మూసిన డిక్కీలో ఎంత వేడి ఉంటుందో గుంటూరు వాడికి నేను చెప్పాలా? ఒత్తిడి హద్దు మీరితే చిట్లి గ్యాసుని వదిలెయ్యడానికి బాటిలుకి ఒక బిళ్ళ ఉంటుంది. అక్కడినుంచి కారు బయటికి గొట్టం వెయ్యాలి. లేకపోతే ఆ గ్యాసంతా నువ్వు కూర్చున్న చోటికే వస్తుంది. చలికాలంలో ఒత్తిడి చాలడం లేదని బాటిలుకి మంట చూపించే ఘనులున్నారు. వాళ్ళ దరిదాపులకి కూడా పోవద్దు. బిగింపుల దగ్గర నూనె, గ్రీజు తగలనివ్వకూడదు. ఒట్టిచేత్తో కారే గొట్టం పట్టుకున్నావో, చర్మం మంచుకి గడ్డకట్టి ఊడొస్తుంది.

ఇంతా చేసి ఎక్కడ నడుపుతావు? కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. రోడ్డు మీద పందేలకి 189వ సెక్షన్ వేరే ఉంది. కనక ఇది రేసు ట్రాకుకి లారీమీద ఎక్కించుకుపోయే కారు ముచ్చటే తప్ప నాన్నగారు ఆఫీసుకి వెళ్ళే బండి ముచ్చట కాదు. అలాంటి కారు నీకెప్పుడైనా అమరితే అప్పుడు రాయి, జెట్ల లెక్కలు తీరిగ్గా మాట్లాడుకుందాం.

అన్నట్టు మరిచేను. పరుగు ముగిశాక బాటిలు వాల్వు చేత్తో తిప్పి మూసెయ్యాలి. సోలినాయిడ్ సన్నగా కారిందంటే గ్యాసు ఇంజను గొట్టాల్లో చేరి కూర్చుంటుంది. మళ్ళీ తాళం తిప్పినప్పుడు బానెట్టు ఎగిరిపోయినా ఆశ్చర్యం లేదు. ఏ సినిమాలోనూ హీరో పందెం గెలిచాక డిక్కీ తెరిచి ఆ వాల్వు మూయడం నేనింతవరకు చూడలేదు.