చేతకానిది ఎవరికి?

‘ఊరికే అంత సంపాదించాడా, బుర్ర ఉండబట్టే కదా’ అనే మాట నిజామాబాద్ గాంధీచౌక్‌లో చాయ్ తాగేటప్పుడు ఎప్పుడూ వినపడేదే. పేదవాడికి బుర్ర లేదనే తీర్పు కూడా అందులోనే ఉందని అనేవాడికి తట్టదు. ఈ తీర్పు ఎంత నిజమో బోధన్ శక్కర్‌నగర్‌కు పోతే తెలుస్తుంది.

అక్కడి నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో పుట్టింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. రాజు తలచుకున్నాడు కాబట్టే వచ్చిందనేవాళ్లకు ఒక మాట. రాజు ఖజానా తెరిచిన మాట నిజమే. కానీ మంజీరకు అడ్డంగా నిజాంసాగర్ కట్టి ఈ నేలకు నీళ్లు తెచ్చిన లెక్క ఇంజినీరు అలీ నవాజ్ జంగ్‌ది. ఆ నీళ్లను చెరకుగా మార్చింది ఇక్కడి రైతులు, కోస్తా నుంచి వచ్చి క్యాంపులు వేసుకున్న రైతులు. రాళ్లు మోసిన వాళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు.

‘సర్కారుకు వ్యాపారం చేతకాదు, చేతనైన వాళ్లకు ఇద్దాం’ అన్నారు. 2002లో 51 శాతం వాటా డెల్టా పేపర్ మిల్స్‌కు పోయింది, 49 శాతం సర్కారుకు మిగిలింది. ఆ అమ్మకం మీద శాసనసభా సంఘం వేయాల్సి వచ్చింది. వంద రోజుల్లో ఫ్యాక్టరీని స్వాధీనం చేసుకుంటామని 2014లో ఇంకో పెద్దమనిషి మాటిచ్చారు. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి మూడు యూనిట్లకూ లేఆఫ్ బోర్డు పడింది. నష్టాలే కారణమని యాజమాన్యం అంది. నష్టాలు అబద్ధమని నేననను. చక్కెర వ్యాపారంలో అవి మామూలే. అయితే చేతనైన వాళ్లని చెప్పి తెచ్చింది ఆ నష్టాలను దాటించడానికే కదా!

అన్నిటికంటే విచిత్రమైన సలహా ఆ రోజుల్లోనే వచ్చింది. మహారాష్ట్రలో లాగా రైతులే సహకార సంఘం పెట్టుకుని ఫ్యాక్టరీ నడుపుకోవాలట. ఘనులు చేతులెత్తేశాక, అప్పులతో సహా దాన్ని నడపడానికి రైతు సమర్థుడైపోయాడు!

రైతు తెలివి ఇంకోచోట చూడాలి. నరికిన చెరకు వెంటనే గానుగ ఆడకపోతే ఎండి బరువు పోతుంది, చక్కెర శాతం పడిపోతుంది. దగ్గర్లో మిల్లు లేకపోతే ఏడాది కష్టం లారీ కిరాయికే పోతుంది. అది చూసుకునే చాలామంది వరికి మళ్లారు. ఇప్పుడు ‘చెరకే లేకపోతే ఫ్యాక్టరీ ఎట్లా’ అని అడిగేవాళ్లున్నారు. లెక్క తప్పింది రైతుది కాదు.

రైతు కోపం ఓట్ల దగ్గరా కనపడింది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ స్థానంలో పసుపు, ఎర్రజొన్న రైతులు 170 మందికి పైగా పోటీకి దిగితే మొత్తం అభ్యర్థులు 185 మంది అయ్యారు. ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి కూతురైన సిట్టింగ్ ఎంపీ కవిత ఓడిపోయారు. గెలిచింది మాత్రం రైతు కాదు, మాజీ మంత్రి డి. శ్రీనివాస్ కొడుకు అరవింద్. పసుపు బోర్డు తెస్తానని ఆయన బాండ్ పేపర్ రాసిచ్చారు. ఆ బోర్డు నిజామాబాద్‌లో మొదలయ్యేసరికి 2025 జనవరి వచ్చింది. ఒక పెద్దింటి మీద కోపం ఇంకో పెద్దింటికి పదవైంది.

డబ్బున్న వాళ్లలో సమర్థులు లేరా? ఉన్నారు, మిగతా జనంలో ఉన్నంతమంది. వాళ్లకు అదనంగా ఉన్నది తప్పు చేశాక మళ్లీ మొదలుపెట్టే వెసులుబాటు. కంపెనీ దివాలా తీస్తే ట్రిబ్యునల్ ఉంది, నాయకుడు ఓడితే ఇంకో ఎన్నిక ఉంది. రైతుకు రెండు పంటలు దెబ్బతింటే ఇంట్లో బంగారం తాకట్టుకు పోతుంది.

ఫ్యాక్టరీ తెరిపించడానికి 2024 జనవరిలో సర్కారు కమిటీ వేసింది. మళ్లీ ఎవరికో అప్పజెప్పే ముందు చెరకు రైతులను, పాత కార్మికులను పిలిచి కూర్చోబెట్టండి. వాళ్ల సంతకం లేని ఒప్పందం ఈసారి చెల్లదని రాసుకోండి.